చెయ్యి మొద్దుబారితే ఎవరికి చెప్పాలి?

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో సాంకేతిక విద్యా భవన్ ఉంది. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి కార్యాలయం అక్కడే. పాలిటెక్నిక్ డిప్లొమాలతో పాటు టైపు లోయరు, హయ్యరు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చేది ఈ మండలే. ఇంగ్లిషు హయ్యరు పాసవ్వాలంటే నిమిషానికి 45 మాటలు కొట్టాలి. టైపు లెక్కలో మాటంటే ఐదు మీటలు, అంటే నిమిషానికి 225 సార్లు వేలు పడాలి. తప్పు పడితే మార్కులు పోతాయి. వేగానికీ తప్పులకూ ఇలా ఖచ్చితమైన కొలత ఉంది. అదే వేగంతో ఏళ్ల తరబడి కొట్టే చేతికి ఏమవుతుందో లెక్కపెట్టే పుస్తకం మాత్రం ఏ కార్యాలయంలోనూ కనిపించదు.

అదే మాసబ్ ట్యాంక్‌లో, చాచా నెహ్రూ పార్కుకు ఎదురుగా, దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్ ఉంది. ఇలాంటి భవనాల్లో స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, హాస్టళ్ల హాజర్లు, బిల్లులు, లబ్ధిదారుల జాబితాలు అన్నీ ఎవరో ఒకరు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఆ ఎవరో ఒకరిని ఆఫీసుల్లో ఆపరేటర్ అంటారు, కాగితాల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్ అంటారు. చాలామంది ఔట్‌సోర్సింగ్ మీద ఉంటారు. పని చెప్పేది ఒక శాఖ, జీతం వేసేది ఒక ఏజెన్సీ. కేంద్ర ప్రభుత్వ నియామకాల్లో ఈ ఉద్యోగానికి అడిగే కనీస వేగం గంటకు 8,000 మీటలు. రోజుకు ఆరు గంటలు అలా కొడితే 48,000.

పని ఒక్కసారిగా మీద పడ్డప్పుడు ఏ స్థాయిలో ఉంటుందో తెలంగాణ కళ్లారా చూసింది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన కార్యక్రమంలో ప్రభుత్వ పథకాలకు దాదాపు 1 కోటి 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అన్నీ కాగితం మీద, చేతిరాతలో. వాటిని ఆ జనవరి 17 లోగా కంప్యూటర్లలోకి ఎక్కించాలని ప్రభుత్వం గడువు పెట్టింది. ఎన్ని దరఖాస్తులు ఎక్కాయో, ఏ జిల్లా వెనకబడిందో రోజూ సమీక్షలు నడిచాయి. ఎన్ని మణికట్లకు నొప్పి పుట్టిందన్నది ఏ సమీక్షలోనూ ప్రశ్న కాలేదు. ఆ ప్రశ్న ఎందుకు వేయాలో, నొప్పి మొదలైనవాళ్లు దాన్ని ఎందుకు కాగితం మీద పెట్టాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు చేతిని దగ్గర నుంచి చూద్దాం. ఒక దరఖాస్తు: పేరు, ఆధార్ పన్నెండు అంకెలు, మొబైల్ పది అంకెలు, రేషన్ కార్డు నంబరు, గ్యాస్ కనెక్షన్ నంబరు, కరెంటు మీటరు నంబరు. ఎడమ చేయి కాగితం తిప్పుతుంటుంది. కుడి చేయి కీబోర్డు కుడి చివర ఉన్న అంకెల గడుల మీద ఉంటుంది. మధ్య మూడు వేళ్లు అంకెలు కొడతాయి, సున్నా బొటనవేలిది, ఎంటర్ చిటికెనవేలిది. మణికట్టు చిటికెనవేలి వైపు కొద్దిగా వంగి, పైకి లేచి ఉంటుంది. కీబోర్డు వెనక కాళ్లు లేపి పెట్టుంటే ఇంకాస్త పైకి లేస్తుంది. తర్వాత మండలం పేరు జాబితాలోంచి ఎంచుకోవాలి, దానికి మౌస్ కావాలి. మౌస్ అంకెల గడులకు ఇంకా అవతల ఉంటుంది కాబట్టి మోచేయి ఒంటికి దూరంగా జరిగి, భుజం పైకి లేస్తుంది. సర్వర్ నెమ్మదిస్తే స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంటుంది. అప్పుడు చేయి ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది గాని ఖాళీగా లేదు. చూపుడువేలు మౌస్ బటన్‌కు తగలకుండా పైకెత్తి నిలబెట్టాలి. ముంజేతి పైభాగంలో కండరం ఆ సేపంతా బిగిసే ఉంటుంది.

ఈ బిగువు దగ్గరే అసలు కథ ఉంది. బరువు ఎత్తితే కండరం అలిసిపోతుందని అందరికీ తెలుసు. బరువే లేని పనికి నొప్పి ఎందుకు? కండరంలోని పోగులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. చిన్న పోగుల గుంపులు ముందు దిగుతాయి, బలం ఎక్కువ కావాలంటేనే పెద్దవి వచ్చి చేరతాయి, పని తగ్గగానే పెద్దవే ముందు తప్పుకుంటాయి. కండరం పూర్తిగా సడలేదాకా చిన్నవి మాత్రం దిగే ఉంటాయి. 1991లో స్వీడన్ శాస్త్రవేత్త యోరాన్ హెగ్ ఈ పోగులకు సిండ్రెల్లా పేరు పెట్టారు, ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరి తర్వాత పడుకునే పిల్ల కాబట్టి. టైపు చేయడానికి కండరం మొత్తం బలంలో కొద్దిపాటి వంతు చాలు. ఆ కొద్దిపాటి పనినే గంటల తరబడి అవే పోగులు మోస్తాయి. మెడ నుంచి భుజానికి దిగే ట్రెపీజియస్ కండరంలో ఇది బాగా కనిపిస్తుంది. ఆపరేటర్లు సాయంత్రానికి చెయ్యి కంటే ముందు మెడా భుజాలూ పట్టేశాయని చెప్పడానికి ఇది ఒక కారణం.

రెండో చోటు మణికట్టు. అక్కడ అడుగున ఎముకలు, పైన గట్టి పొర ఉన్న ఒక సన్నని మార్గం ఉంది, దాని పేరు కార్పల్ టన్నెల్. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, మీడియన్ అనే నరం, అన్నీ ఆ మార్గంలోంచే పోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మణికట్టు తిన్నగా ఉంటే ఆ మార్గంలో ఒత్తిడి 2.5 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది, పూర్తిగా పైకి వంచితే 30 దాకా పోతుంది. మౌస్‌తో ఏదైనా పట్టుకుని లాగే పనిలో కూడా ఒత్తిడి 30 దరిదాపులకు చేరిందని 1999లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపించారు. ఆ స్థాయిలో గంటల తరబడి ఉంటే నరానికి రక్తం అందడం తగ్గుతుంది. తిమ్మిర్లు అక్కడి నుంచే మొదలవుతాయి.

తిమ్మిరి ఏ వేలికి వచ్చిందో గమనించడం చాలా ముఖ్యం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మీడియన్ నరానివి. చిటికెనవేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం అల్నార్ నరానివి. ఆ రెండో నరం మోచేయి వెనక ఎముక పక్కనుంచి పోతుంది. మోచేతిని టేబుల్ అంచుకు ఆనించి కూర్చునేవాళ్లకు చిటికెనవేలు మొద్దుబారేది అందుకే. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన చురుక్కుమంటే అది టెండన్ తొడుగు వాపు కావచ్చు. 1895లో ఈ సమస్యను వర్ణించిన స్విస్ సర్జన్ డి క్వెర్వెయిన్ పేరుతోనే వైద్యులు దాన్ని పిలుస్తారు. వీటన్నిటినీ కలిపి ఆర్‌ఎస్‌ఐ అంటారు, అంటే రిపీటెటివ్ స్ట్రెయిన్ ఇంజురీ. నిజానికి అది ఒక జబ్బు పేరు కాదు, చాలా జబ్బులను మూటగట్టిన గొడుగు పేరు. అందుకే డాక్టరు దగ్గర ఆర్‌ఎస్‌ఐ అనేకంటే ఏ వేలు, ఏ వేళ, ఏ పని చేస్తున్నప్పుడు అని చెప్పడం వంద రెట్లు ఉపయోగం.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. కంప్యూటర్ పట్టుకున్న ప్రతి చేతికీ కార్పల్ టన్నెల్ జబ్బు వస్తుందన్న ప్రచారం తప్పు. 2003లో డెన్మార్క్ పరిశోధకులు దాదాపు ఏడువేల మంది కంప్యూటర్ ఉద్యోగులను ఏడాది పాటు గమనించారు. కీబోర్డు వాడకానికీ ఆ జబ్బుకూ సంబంధం వాళ్లకు దొరకలేదు. వారానికి 20 గంటలకు మించి మౌస్ వాడేవాళ్లలో మాత్రం లక్షణాలు పెరిగాయి. షుగరు, థైరాయిడ్ లోపం, గర్భం కూడా అదే నరాన్ని నొక్కే పరిస్థితి తెస్తాయి. షుగరు ఇంత విస్తరించిన నగరంలో చెయ్యి తిమ్మిరెక్కితే ముందు రక్తపరీక్ష చేయించడం న్యాయమే. అలాగని షుగరు తేలగానే పనికి సంబంధం లేదని కేసు మూసేయడం న్యాయం కాదు. అప్పటికే బలహీనపడ్డ నరాన్ని పని ఇంకా నొక్కుతుంది.

కదలికలే గాయం చేస్తాయా అన్న ప్రశ్నకు అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో మేరీ బార్బ్, ఆన్ బార్ ఎలుకలతో జవాబు వెతికారు. తిండి గింజ కోసం చెయ్యి చాచడం ఎలుకలకు నేర్పి, రోజుకు రెండు గంటలు, వారానికి మూడు రోజులు అదే పని చేయించారు. బరువేమీ లేదు. అయినా వారాలు గడిచేకొద్దీ టెండన్లలో, మీడియన్ నరం చుట్టూ వాపు కణాలు చేరాయి, చెయ్యి చాచే తీరు గాడి తప్పింది, నరంలో సంకేతాల వేగం తగ్గింది. పని ఇంకా సాగితే వాపు ఉన్నచోట మచ్చ కణజాలం పేరుకుని నరాన్ని బిగించింది. మొదట వాపు, తర్వాత మచ్చ. ఆ వరుసే మనకు కావాల్సింది. వాపు దశలో పని మార్చితే చెయ్యి కోలుకునే అవకాశం ఎక్కువ, మచ్చ కట్టాక అంత సులువు కాదు. ఆరు నెలలు ఓర్చుకుని, ఏడో నెలలో సెలవు పెట్టే అలవాటు ఎంత ఖరీదైందో ఇక్కడే తెలుస్తుంది.

ఇవన్నీ కొత్తగా తెలిసిన సంగతులని అనుకుంటాం గాని, కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో ఒక గ్రంథం అచ్చు వేశాడు. 1713లో దానికి చేర్చిన భాగంలో రాతగాళ్ల గురించి రాశాడు. వాళ్లను పట్టి పీడించేవి మూడని తేల్చాడు: ఎప్పుడూ కూర్చునే ఉండటం, చెయ్యి ఒకే వైపు అదేపనిగా కదలడం, లెక్కల్లో తప్పు దొర్లి యజమానికి నష్టం రాకుండా చూడాలన్న మనసు బిగువు. మూడోదాన్ని ఎంత ముందుచూపుతో పట్టుకున్నాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. ఆధార్‌లో ఒక్క అంకె తప్పితే ఒక కుటుంబానికి పింఛను ఆగిపోతుందని ఆపరేటర్‌కు తెలుసు. ఆ భయం భుజాల్లో ఉంటుంది. చేయి కదలకుండా కూర్చోబెట్టి మెదడుకు కష్టమైన లెక్క ఇచ్చినా ట్రెపీజియస్‌లోని చిన్న పోగులు బిగుస్తాయని ప్రయోగశాలల్లో కనిపించింది.

మనసుకు సంబంధం ఉందనగానే నొప్పి ఉత్తదేనని కొట్టిపారేసేవాళ్లు తయారవుతారు. ఆస్ట్రేలియాలో సరిగ్గా అదే జరిగింది. 1981 నుంచి 1985 దాకా అక్కడి ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ టెలికామ్ ఆస్ట్రేలియాలో 3,976 మంది చేతి నొప్పుల మీద ఫిర్యాదు రాసిచ్చారు. కీబోర్డు మీద పనిచేసే టెలిఫోను ఆపరేటర్లలో వెయ్యికి 343 మంది, గుమస్తాల్లో 284 మంది, టెలిగ్రాఫు ఉద్యోగుల్లో 34 మంది. వీళ్లలో అందరికంటే ఎక్కువ మీటలు కొట్టింది టెలిగ్రాఫు ఉద్యోగులే. దీన్ని పట్టుకుని ఇదంతా భ్రమేనని వాదించినవాళ్లున్నారు. నాకు ఆ అంకెల్లో వేరే సంగతి కనిపిస్తుంది. మీటల సంఖ్య ఒక్కటే కారణం కాదు. కుర్చీ, బల్ల, పని మీద తన చేతిలో ఉన్న పట్టు, వెనక నిలబడి లెక్కపెట్టే కన్ను, వీటిలో తేడా ఉంటే నొప్పిలోనూ తేడా ఉంటుంది. ఇంకో సంగతి, ఆ సంస్థలో ఎవరు ఎక్కడ పనిచేస్తూ నొప్పి పడ్డారో ఇవాళ మనం మాట్లాడుకోగలుగుతున్నామంటే వాళ్లు రాసిచ్చారు, సంస్థ నమోదు చేసింది. మన దగ్గర ఆ కాగితమే లేదు.

ఎందుకు లేదన్నదానికి చట్టంలో ఒక జవాబుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో పని వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉండేది. సీసం విషం, బెంజీన్ విషం, చెవుడు, దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు అందులో ఉండేవి. మంచు కొండల్లో కళ్లు మసకబారడం కూడా ఉండేది. ఒకే కదలికతో దెబ్బతిన్న మణికట్టు లేదు. జాబితాలో లేని జబ్బుకు పరిహారం కావాలంటే అది పనిలో జరిగిన ఫలానా ప్రమాదం వల్లే నేరుగా వచ్చిందని చూపాలి. నెలల తరబడి కొద్దికొద్దిగా పేరుకునే గాయానికి ప్రమాద సమయం ఎక్కడిది? అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సిన 29 జబ్బుల్లోనూ ఇది లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి జబ్బుల జాబితాలో మాత్రం కార్పల్ టన్నెల్, మణికట్టు టెండన్ వాపులు పేర్లతో సహా ఉన్నాయి. బ్రిటన్‌లో అదిరే పనిముట్లతో చేసే పని వల్ల కార్పల్ టన్నెల్ వచ్చిందని డాక్టరు నిర్ధారిస్తే యజమాని అధికారులకు నివేదించి తీరాలి. అదే బ్రిటన్ 1908లోనే టెలిగ్రాఫు ఉద్యోగుల చేతి కొంకర్లను పరిహారం వచ్చే జబ్బుగా ఒప్పుకుంది. వందేళ్లు దాటినా మన జాబితా తయారీదారులకు చెయ్యి కనిపించకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

పని గాయమా, మామూలు జబ్బా అన్న తేడా డబ్బులో కూడా ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న ఆపరేటర్లు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. మామూలు జబ్బుకు సెలవు పెడితే జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. పనిలో తగిలిన గాయమైతే 90 శాతం, కోలుకునేదాకా వస్తుంది. ఏ గడిలో పడతారన్నది మొదటి రోజు ఏం రాశారన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది.

కాబట్టి ఆ మొదటి కాగితం గురించి. ఆఫీసులో చెయ్యి గుంజుతోంది మేడం అంటే జండూ బామ్ రాసుకో అమ్మా అంటారు. చెడ్డ మనసుతో కాదు, అది పని గాయమన్న ఊహే ఎవరికీ లేదు. నోటిమాట అక్కడితో గాల్లో కలుస్తుంది. అందుకే ఒక పేజీ అర్జీ రాయాలి. నొప్పి ఏ తేదీ నుంచి, ఏ చేతికి, ఏ వేళ్లకు; రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తోందా, ఆదివారం తగ్గి బుధవారానికి పెరుగుతోందా; ఆ రోజుల్లో ఏ పథకం పని, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని ఎంట్రీలు; కుర్చీకి చేతులున్నాయా, బల్ల ఎత్తు ఎంత, ఇవన్నీ అందులో ఉండాలి. ఇది నా పని వల్ల కావచ్చని అనుమానిస్తున్నాను అని ఒక వాక్యం రాయాలి. నిర్ధారించడం డాక్టరు పని, అనుమానం తెలపడం మీ హక్కు. ఆఖరున ఫలానా మార్పు కావాలని అడగాలి. కాపీ ఒకటి శాఖకూ, ఇంకొకటి ఏజెన్సీకీ ఇవ్వాలి. మా దగ్గర కాదంటే మా దగ్గర కాదని ఇద్దరూ తప్పుకునే చోటు అదే. ఇన్‌వార్డులో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.

ఆస్పత్రిలోనూ అంతే. ఈఎస్‌ఐ డిస్పెన్సరీ అయినా, పంజగుట్ట నిమ్స్ అయినా, ఓపీ చీటీ మీద వృత్తి డేటా ఎంట్రీ అని, రోజుకు ఎన్ని గంటలో రాయమని అడగాలి. రోగిని నీ పని ఏమిటని అడగమని వైద్యులకు నేర్పింది రామజ్జినీయే. వాళ్లు అడగకపోతే మీరే చెప్పాలి. తిమ్మిరి పోకుండా ఉండిపోతే, గ్లాసు చేతిలోంచి జారిపోతుంటే, బొటనవేలి కింది కండ చిక్కిపోతే ఇక ఆలస్యం చేయకూడదు, నరాల పరీక్ష అవసరం. అంతదాకా రాని చేతులకు చాలాసార్లు మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ రాత్రిళ్లు కట్టుకోవడం, పనిలో మార్పు, ఫిజియోథెరపీ సరిపోతాయి.

పనిలో మార్పంటే ఖరీదైన కుర్చీలు కొనడమని అధికారులు భయపడతారు. కీబోర్డు వెనక కాళ్లు మూసేస్తే మణికట్టు దిగుతుంది, దానికి ఖర్చు లేదు. అంకెల పని లేని రోజు చిన్న కీబోర్డు పెడితే మౌస్ దగ్గరికొస్తుంది. కొన్ని రోజుల ఇబ్బందికి ఓర్చుకుంటే ఎడమ చేత్తో మౌస్ అలవాటవుతుంది. అయితే వస్తువుల కంటే పెద్ద మందు విరామం. 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికా పన్నుల శాఖలోని 42 మంది డేటా ఎంట్రీ ఉద్యోగులకు మామూలు విరామాలతో పాటు, విరామం లేని ప్రతి గంటలోనూ ఐదు నిమిషాలు అదనంగా ఇచ్చారు. రోజుకు మొత్తం ఇరవై నిమిషాలు. మెడ, భుజాలు, చేతుల నొప్పి, కళ్ల మంట తగ్గాయి. ఎంట్రీల సంఖ్య మాత్రం తగ్గలేదు. పూర్వం టైపు మిషన్ మీద కాగితం మార్చడం, క్యారేజీ తోయడం లాంటి పనులు చేతికి ఆ విరామాన్ని అడగకుండానే ఇచ్చేవి. కంప్యూటర్ వాటిని తీసేసింది.

ఈ మార్పుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆపరేటర్లను పంపే ఏజెన్సీలకు శాఖలు టెండర్లు పిలుస్తాయి. జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ, హాజరు అన్నీ షరతుల్లో ఉంటాయి. అదే కాగితంలో గంటకు ఐదు నిమిషాల విరామం, ఎత్తు మార్చుకునే కుర్చీ, చేతి నొప్పి అర్జీలకు ఒక రిజిస్టరు అని మూడు పంక్తులు చేర్చడం ఒక శాఖాధికారి సంతకంతో అయ్యే పని. గడువు పెట్టి లక్షల దరఖాస్తులు ఎక్కించమన్నప్పుడు ఆ గడువులోనే విరామాల లెక్క కలపాలి. రిజిస్టరు తెరిస్తే మొదటి ఏడాది అర్జీలు పెరుగుతాయి. అది చూసి అధికారులు కంగారుపడి దాన్ని మూసేయకూడదు. ఏ గదిలో, ఏ పథకం పనిలో, ఏ నెలలో అర్జీలు గుంపుగా వచ్చాయో అందులోనే దొరుకుతుంది, ముందు సరిచేయాల్సింది ఆ గదినే.